మొగలిపర్రులో హారన్ కొట్టరాదు

మొగలిపర్రు,
16 ఫిబ్రవరి 2025

చిరంజీవి తమ్ముడు ఈశ్వరరావుకి అక్క శేషారత్నం దీవెనలు.

ఈ ఉత్తరం పోస్టులో రాలేదని చూడగానే తెలిసి ఉంటుంది. తెచ్చినతను హెన్రీ, మీ కంపెనీ టిప్పరు డ్రైవరే. మన ఇంటి ముందు బోరింగు దగ్గర సీసాలో నీళ్ళు పట్టుకోవడానికి రోజూ ఆగుతాడు. "అమ్మగారండీ, ఈశ్వరరావు సారు మీ తమ్ముడంట గదండీ. ఏవైనా కబురుంటే ఇవ్వండి, సాయంత్రానికి అందజేస్తాను" అన్నాడు. అతని పెదాలు చూసి తెలుసుకున్నాననుకో. ఫోనులో నాకేమీ వినపడదని నీకు తెలుసు. నువ్వు పోయినేడు కొనిపెట్టిన చెవి మిషను పెట్టుకుంటే గాలి హోరు తప్ప మనిషి మాట అందడం లేదు. దాన్ని పోపులపెట్టె పక్కన డబ్బాలో పెట్టేశాను. కోప్పడకు.

కిందటి నెలాఖరు నుంచి మీ లారీలు మా ఊరి మీదుగా తిరుగుతున్నాయి. పెద్ద రోడ్డులో కాలవ వంతెనకి బలం చాలదని బోర్డు పెట్టారట. అందుకని కొత్త రోడ్డుకి పోసే గ్రావెలంతా మన వీధిలోంచే పోతోంది. హెడ్మాస్టరు నరసింహమూర్తిగారు ఒకరోజు బడి అరుగు మీద కూర్చుని లెక్కపెడితే నూట నలభై తేలాయి. మన వీధి ఎంతుంటుందో నీకు తెలియనిది కాదు. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి అంచుకి ఒదిగి ఆగాల్సిన వీధి. నాకు చప్పుడు వినపడదు గానీ అరికాళ్ళకి తెలుస్తోంది. వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగులుకుంటూ వణుకుతున్నాయి. దేవుడి గదిలో గోడ మూలనుంచి బీటపడింది. ఉతికి ఆరేసిన చీర సాయంత్రానికి ఇటుకపొడి రంగులో ఉంటోంది.

ఆ లారీల ట్రాఫిక్ సూపర్‌వైజరువి నువ్వేనని ఊరంతా తెలిసిపోయింది. ఇంక చూసుకో నా వైభోగం. ఎన్నడూ గడప తొక్కనివాళ్ళు కూడా వచ్చి "మీ తమ్ముడుగారికి ఓ మాట రాద్దురూ" అంటున్నారు. వాళ్ళు అడిగినవన్నీ రాస్తున్నాను. దుమ్ముకి నీళ్ళు కొట్టించాలి. బడి వేళకి లారీలు ఆపాలి. ఊళ్ళో నెమ్మదిగా పోవాలి. హారన్ కొట్టకూడదు. ఈ చివరిది పక్కింటి భాగ్యశ్రీ అడిగింది. పురిటికి పుట్టింటికి వచ్చింది కదా, ఇరవై రోజుల పిల్ల. హారన్ మోగినప్పుడల్లా పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తోందట. ఆ పిల్ల తల్లి మొహం చూస్తే జాలేస్తోంది.

మీ బావగారు బాగానే ఉన్నారు. చూపు కాస్త మందగించింది. కళ్ళలో చుక్కలమందు వేసుకుంటున్నారు. నాకు చెవులు లేవు, ఆయనకి కళ్ళు లేవు, ఇద్దరం కలిస్తే ఒక పూర్తి మనిషి అని నవ్వుతూ ఉంటారు. ఇద్దరం కలిసి రోడ్డు దాటేటప్పుడు చెయ్యి చాపి నా భుజం మీద వేస్తారు. నేను చూస్తాను, ఆయన వింటారు. అలా అవతలికి చేరతాం. పాక, పశువులు, పొలం అన్నీ అవతలే కదా, రోజుకి పదిసార్లు దాటాలి. నాకు పొయ్యి దగ్గర పనుంటే ఆయనొక్కరే వెళ్ళొస్తారు.

ఒక్కటి అడుగుతాను. ఇన్ని దారులుండగా వాళ్ళకి మన ఊరి దారి చూపించినవాడెవడురా? ఎవడో గానీ వాడి నోట మన్ను పడ.

మరదలు అమ్మాజీ మోకాలు నొప్పి ఎలా ఉందో రాయి. తాడేపల్లిగూడెం వెళ్ళినప్పుడు నేను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ అక్క


క్యాంపు, దెందులూరు దగ్గర,
21 ఫిబ్రవరి 2025

అక్కకి, బావగారికి ఈశ్వరరావు నమస్కారాలు.

నేను చేత్తో ఉత్తరం రాసి పదేళ్ళు దాటింది. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి, సర్దుకుని చదువుకో. ఇది మా ఆఫీసు రేకుల షెడ్డు. బయట తూకం దగ్గర బళ్ళు వరసలో నిలబడి ఉన్నాయి. రెండు వాక్యాలు రాసేలోగా ఎవరో ఒకరు చీటీతో వస్తున్నారు.

నువ్వు రాసినవన్నీ కాగితం మీద పెట్టుకుని ప్రాజెక్టు మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ ట్యాంకరు అడిగితే "చూద్దాం" అన్నారు. ఆయన చూద్దాం అంటే చూడరని అర్థం. నెమ్మదిగా పోవాలంటే రోజుకి ట్రిప్పులు తగ్గుతాయి. వానాకాలం లోపల రోడ్డు కట్ట పూర్తి కావాలి కాబట్టి అది కుదరదన్నారు. బడి వేళకి మాత్రం పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఆపడానికి ఒప్పుకున్నారు. ఇక హారన్ సంగతి చెప్పగానే "అది చేసెయ్యవయ్యా, దానికేం ఖర్చు" అన్నారు. మర్నాడే ఊరికి రెండు వైపులా బోర్డులు పెట్టించాను. 'మొగలిపర్రులో హారన్ కొట్టరాదు'. చూసే ఉంటావు. పసుపు మీద నల్ల అక్షరాలు, నేనే దగ్గరుండి రాయించాను. భాగ్యశ్రీ పిల్ల హాయిగా నిద్రపోతుందని చెప్పు.

దారి సంగతి అడిగావు. అవన్నీ పైవాళ్ళు మ్యాపులు చూసి వేసుకుంటారక్కా. మనలాంటి వాళ్ళనెవరు అడుగుతారు.

బావగారిది శుక్లం అయి ఉంటుంది. ఈ రోజుల్లో అది పావుగంట పని. ఏలూరు తీసుకువెళ్ళి ఆపరేషను చేయించు, మర్నాటికి పేపరు చదువుకుంటారు. అశ్రద్ధ చెయ్యకండి. ఇంకొకటి, దాళ్వా పంట కోతలయ్యాక ధాన్యం రోడ్డు మీద ఆరబోయకండి. సగం రోడ్డు ధాన్యం కింద పోతే మా బళ్ళకి దారి ఉండదు. ఊళ్ళో వాళ్ళకీ చెప్పు.

రావాలనే ఉంది. ఆదివారం కూడా పని నడుస్తోంది. అమ్మాజీ మోకాలికి పట్టీ కట్టుకుని తిరుగుతోంది, తగ్గలేదు, పెరగలేదు.

నీ తమ్ముడు
ఈశ్వరరావు


మొగలిపర్రు,
9 మార్చి 2025

చిరంజీవి ఈశ్వరానికి,

నీ బోర్డులు చూసి ఊరు ఊరంతా నిన్ను మెచ్చుకుంది. నువ్వు పదో తరగతి తప్పినప్పుడు నవ్వినవాళ్ళే ఇప్పుడు "శేషారత్నంగారి తమ్ముడు మాటంటే మాటే" అంటున్నారు. నాకు వీధిలో నడుస్తుంటే కాస్త గర్వంగానే ఉందిరా, దాచుకోవడమెందుకు. భాగ్యశ్రీ పిల్లకి శ్రావ్య అని పేరు పెట్టారు. ఒళ్ళు చేసింది. భాగ్యశ్రీ నాకు కొబ్బరి ఉండలు తెచ్చిచ్చింది. హారన్ ఉన్నప్పుడూ నాకొక్కటే, లేనప్పుడూ ఒక్కటే. అయినా మనుషుల మొహాలు కుదుటపడడం చూసి ఊరు నిమ్మళించిందని తెలుసుకున్నాను.

ట్యాంకరు రెండు రోజులు వచ్చి నీళ్ళు కొట్టింది. మూడో రోజు నుంచి లేదు.

ధాన్యం రోడ్డు మీద పోయవద్దన్నావు. మరి నీ నెత్తిన పొయ్యమన్నావా? మన కళ్ళం ఎక్కడుందో గుర్తుందా? నువ్వు గాలిపటాలు ఎగరేసిన ఆ దిబ్బ ఇప్పుడు చేపల చెరువు. దాని పక్కది రొయ్యల చెరువు. మిషను కోతకి గింజ పచ్చిగా వస్తుంది, రెండు ఎండలు తగలకపోతే మొలకెత్తుతుంది. ఊరికి రోడ్డే కళ్ళం. ఇది కొత్తగా చేస్తున్నది కాదు. అవతలి సగంలో పోసి అంచున రాళ్ళు పెడతాం, ఇవతలి సగంలో మీ లారీలు పోతాయి. గింజల మీద చక్రం ఎక్కించే పాపిష్టి డ్రైవరు ఇంతవరకూ ఈ రోడ్డు మీదికి రాలేదు. ధాన్యం మీద నిలబడ్డ మనిషికి ఇంట్లో ఉన్నంత భద్రం.

ఈమధ్య మీ బావగారి వరస నాకు నచ్చడం లేదు. గేటు పట్టుకుని పావుగంట, అరగంట అలా రోడ్డు వైపు నిలబడుతున్నారు. పిలిస్తే పలకరు. పలికినా "ఉండవే" అంటారు. పాకకి పదిసార్లు వెళ్ళే మనిషి మూడుసార్లకి దిగారు. నీ ఉత్తరం నేను పైకి చదివి వినిపించాను. దారి పైవాళ్ళు వేశారని రాశావే, అక్కడ నవ్వి ఊరుకున్నారు. ఎందుకు నవ్వారంటే చెప్పలేదు. అరవై ఎనిమిదేళ్ళకే ముసలితనం ఇలా మీద పడుతుందేమిట్రా.

కంటి ఆపరేషను మాట ఎత్తితే "దీనికి ఆపరేషను లేదులే" అని లేచి వెళ్ళిపోయారు. మొండితనం.

హెన్రీ మంచివాడు. ఆదివారం చర్చికి వెళ్ళడానికి సెలవు దొరకడం లేదని బాధపడుతున్నాడు. వీలైతే చూడు.

ఉంటాను.
అక్క శేషారత్నం


క్యాంపు,
18 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. బావగారు నా మీద కోపంగా ఉన్నారని అర్థమైంది. ఆయన కోపమొస్తే అరిచే మనిషి కాదు. చిన్నప్పుడు నేను మీ ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు, సైకిలు చక్రం వంకర చేసుకొచ్చిన రోజున కూడా ఇలాగే గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆ మౌనం కంటే నాలుగు దెబ్బలు నయం. ఇప్పుడు నా లారీలు ఆయన వాకిట్లోంచి పోతుంటే గేటు పట్టుకుని చూస్తూ నిలబడుతున్నారంటే అది నన్ను చూస్తున్నట్టే. నవ్వారన్నావు. ఆ నవ్వు కూడా నాకు తెలుసు.

నా చేతనైనంత చేస్తున్నాను. మధ్యలో ఒకరిద్దరు డ్రైవర్లు హారన్ కొడుతున్నారని తెలిసింది. ఇక మీదట మొగలిపర్రులో హారన్ కొట్టినవాడి బండి ఆ రోజుకి నిలిపేస్తానని అందరినీ నిలబెట్టి చెప్పాను. నిన్న ఒకతణ్ణి నిజంగానే నిలిపేశాను. ఇప్పుడు ఒక్కడూ కొట్టడు. బావగారికి చెప్పు, ఆయన ఇంటి ముందు చీమ చిటుక్కుమనదు.

హెన్రీ చేత ఒక జాకెట్టు పంపిస్తున్నాను. నారింజ రంగుది, మీద వెండి చారలుంటాయి, దూరం నుంచే కనపడుతుంది. రోడ్డు మీద జెండా పట్టుకుని లారీలని పంపించే మావాళ్ళకి ఇచ్చేది అదే. కోతలప్పుడు ధాన్యం దగ్గరికి వెళ్ళేటప్పుడు బావగారిని వేసుకోమను. చూపు తక్కువని రాశావు కదా. ఆయనకి కనపడకపోయినా ఆయన అందరికీ కనపడతారు.

హెన్రీకి వచ్చే నెల నుంచి రెండు ఆదివారాలు సెలవు ఇచ్చాను. బావగారికి నా మీద కోపం పోయిందని ఒక్క ముక్క రాయి, చాలు.

ఈశ్వరరావు


మొగలిపర్రు,
17 ఏప్రిల్ 2025, పొద్దున పది గంటలు

ఈశ్వరం,

దీవెనలూ అవీ తర్వాత. ముందు పని మాట రాస్తాను. హారన్ మళ్ళీ కొట్టించు. ఈ రోజే కొట్టించు. ఆ బోర్డులు పీకించెయ్యి.

కోతలయ్యాయి. మొన్నటి నుంచి ధాన్యం రోడ్డు మీద ఉంది. మీ బావగారికి ధాన్యం దగ్గరుంటే పండగే. చెప్పుల్లేకుండా గింజల్లో వరసగా కాళ్ళు ఈడుస్తూ నడిచి తిరగేస్తారు. పంటికింద గింజ కొరికి "ఇంకో ఎండ కావాలి" అంటే ఊళ్ళో అందరూ ఇంకో ఎండ ఉంచుతారు. దానికి కళ్ళతో పనిలేదు. నీ జాకెట్టు కూడా వేసుకుంటున్నారు. నువ్వు పంపించావని చెబితే తడిమి చూసి "బట్ట గట్టిదే" అన్నారు. నీ మీద కోపం ఏనాడూ లేదురా పిచ్చివాడా. నీ ఉత్తరంలో ఆ మాట చదివినప్పుడు "వాడి మీద నాకు కోపమేమిటి" అని ఆశ్చర్యపోయారు.

నిన్న మధ్యాహ్నం పాకనుంచి ఇంటికి వస్తూ రోడ్డు మీదికి కాలు పెట్టారు. అటునుంచి ఖాళీ లారీ వస్తోంది. భాగ్యశ్రీ చూసి పిల్లని చంకనేసుకునే పరిగెత్తి ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. "బాబాయిగారూ, కనపడలేదాండీ?" అని అడిగిందట. ఆయన మట్టిలో చతికిలబడి "కనపడదమ్మా. వినపడలేదు కూడా" అన్నారట. భాగ్యశ్రీ ఏడుస్తూ వచ్చి నాకు పలక మీద రాసి చూపించింది.

సాయంత్రం నేను ఒట్టు వేయించుకుని అడిగితే అప్పుడు చెప్పారు. అది శుక్లం కాదు, నీటికాసులట. కుడికన్ను పూర్తిగా పోయిందట. ఎడమకన్నుతో గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా రూపాయి బిళ్ళంత కనపడుతుందట. ఏలూరు డాక్టరుగారు దీపావళికే చెప్పారట, పోయిన చూపు రాదని. నాకు చెబితే పొలం మాన్పించేస్తానని దాచారు. ఇన్నాళ్ళూ ఒక్కరే రోడ్డు దాటింది హారన్‌ని పట్టుకునే. మలుపులో హారన్ మోగితే ఆగేవారు, అది దాటి పోయాక అడుగు వేసేవారు. నీ బోర్డులు వచ్చాక గేటు పట్టుకుని నిలబడింది నీ మీద కోపంతో కాదు. చక్రాల చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలుసుకోవడానికి. దుమ్ములో, గాలిలో ఒకటి పోతుంటే వెనక రెండోది ఉందో లేదో తెలియడం లేదట.

మరి నోరు విప్పి చెప్పొచ్చు కదా అన్నాను. "ఊరంతా సంతోషంగా ఉంది, పసిపిల్ల నిద్రపోతోంది, నా ఒక్కడి కోసం ఎందుకే" అన్నారు.

ఆయన వింటారని నా చేత్తో నేనే నీకు రాశాను. ఆ కాగితంలోనే హారన్ ఆపించమనీ రాశాను. చెవిటిదాన్ని, హారన్ ఎందుకు కొడతారో నాకు తోచలేదు. నాకు సిగ్గుగా ఉందిరా, భయంగా ఉంది. రాత్రంతా ఆయన చెయ్యి పట్టుకునే పడుకున్నాను.

నువ్వు చెబితే డ్రైవర్లు వింటారు. ఊళ్ళో వాళ్ళకి నేను చెప్పుకుంటాను. మలుపు దగ్గర దుమ్ము లేస్తోంది, హెన్రీ బండే. ఇది అతనికి ఇచ్చేస్తాను, మధ్యాహ్నానికల్లా నీకు అందుతుంది.

అక్క


తాడేపల్లిగూడెం,
2 మే 2025

అక్కకి,

ఏమని మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపేశాను.

పదకొండో రోజున వచ్చాను. పందిట్లో వెనక వరసలో నిలబడ్డాను. నువ్వు నన్ను చూశావు. నేను నోరు తెరిచినా నీకు వినపడదు. అన్నం తినకుండా వచ్చేశాను.

నీ ఉత్తరం ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి హెన్రీ నా చేతికి ఇచ్చాడు. చెమటకి తడిసిపోయి ఉంది. అతను చెప్పిన వార్త ముందు విన్నాను, ఆ తర్వాత నీ ఉత్తరం చదివాను. ఎలా జరిగిందో నీకెవరూ సరిగ్గా చెప్పలేదని, నువ్వు అటు తిరిగి ఉన్నావని హెన్రీ అన్నాడు. నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. చదవలేకపోతే ఇక్కడ ఆపెయ్యి.

నువ్వు చెయ్యెత్తితే హెన్రీ మీ ఇంటి వైపు బండి ఆపాడు. నువ్వు ధాన్యం వైపు వీపు పెట్టి డ్రైవరు కిటికీలోకి ఉత్తరం అందిస్తున్నావు. బావగారు అవతలి సగంలో ధాన్యం తిరగేస్తున్నారు. వెనక వస్తున్న బండి డ్రైవరు కొత్తవాడు, ఆ రోజుకి ఇంకా రెండు ట్రిప్పులు కావాలి. ఆగకుండా హెన్రీ బండిని తప్పించి రాళ్ళ మీదుగా ధాన్యంలోకి ఎక్కించాడు. ఎదురుగా నారింజ జాకెట్టు వేసుకున్న మనిషి కనపడ్డాడు. కంపెనీ మనిషే, జెండా వాడే అనుకున్నాడు. హారన్ మీదికి చెయ్యి వెళ్ళిందట. బోర్డు గుర్తొచ్చి, బండి నిలిపేస్తారని తీసేశాడట. అదే సమయానికి బావగారు చెయ్యి చాపారట. ఆ కుర్రాడు పోలీసులకి చెప్పింది ఇదే, "చెయ్యి చాపి రమ్మన్నాడండీ, అందుకే వచ్చానండీ" అని.

ఆయన చెయ్యి ఎందుకు చాపారో నాకు తెలుసు. నువ్వే రాశావు, మొదటి ఉత్తరంలో. హెన్రీ బండి ఆగింది విన్నారు. నువ్వు అక్కడున్నావని తెలుసు. ఇంటికి తీసుకువెళతావని నీ భుజం కోసం చెయ్యి చాపారు.

జాకెట్టు నేను పంపించాను. బోర్డు నేను పెట్టించాను. అవి రెండూ నీకు తెలుసు. తెలియనిది ఇంకొకటుంది. పైవాళ్ళు మ్యాపులు చూసి దారి వేశారని నీకు అబద్ధం రాశాను. జనవరిలో వంతెన మూసేసినప్పుడు దారి దొరక్క మేనేజరుగారు తల పట్టుకుంటే, "మొగలిపర్రు మీదుగా తారు రోడ్డు ఉందండి, నేను అక్కడే చదువుకున్నానండి, నాకు ప్రతి మలుపూ తెలుసు" అని చెప్పింది నేనే. ఆయన అందరి ముందూ నా భుజం తట్టారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అదే మొదటిసారి. వాడి నోట మన్ను పడ అని నువ్వు రాశావు. పడింది.

కంపెనీ కాగితంలో 'రోడ్డుపై ధాన్యం ఆరబోసినందున ప్రమాదం జరిగినది' అని రాశారు. దాని మీద నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. ఉద్యోగానికి వెళ్ళడం లేదు. దారి మార్పించమని అడిగాను, కుదరదన్నారు. వచ్చేముందు ఒక్కటి చేశాను, రెండు బోర్డులూ నా చేత్తో పీకేశాను.

అమ్మాజీ నీ దగ్గరికి వచ్చి ఉంటానంటోంది. నన్ను రమ్మంటే వస్తాను. వద్దంటే ఆ మాటే రాయి. ఏదో ఒకటి రాయి అక్కా.

ఈశ్వరరావు


మొగలిపర్రు,
25 మే 2025

ఈశ్వరానికి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. రోజూ తీసి చదివాను. జవాబు రాయాలని కూర్చుంటే చెయ్యి కదిలేది కాదు.

నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. బావగారికి లేకపోవచ్చు, నాకు ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. ఆ ఉత్తరం నేను సాయంత్రం ఇచ్చి ఉంటే, బండి ఆపకుండా ఉంటే, ముందు ఆయన్ని ఇవతలికి తీసుకొచ్చి అప్పుడు ఇచ్చి ఉంటే. ఈ మూడూ తిప్పి తిప్పి అనుకుంటూ పొద్దు గడుపుతున్నాను. నా వెనక పది అడుగుల్లో అంత జరిగితే నాకు తెలియలేదురా. హెన్రీ మొహం మారడం చూసి వెనక్కి తిరిగాను.

చెయ్యి సంగతి నువ్వు రాయకపోతే నాకు తెలిసేది కాదు. రాసినందుకు తిట్టాలో మెచ్చుకోవాలో తెలియడం లేదు. తెలియకుండా ఉండడం కంటే ఇదే మంచిది అనుకుంటున్నాను.

దారి చెప్పింది నువ్వేనని మీ బావగారికి మొదటినుంచీ తెలుసు. ఇది నాకు కర్మలయ్యాక నరసింహమూర్తి మాస్టారు చెప్పారు. జనవరిలో మీ ఇంజనీరు ఒకాయన రోడ్డు కొలవడానికి వచ్చి టీ కొట్టు దగ్గర, "మీ ఊరి దారి మా ఈశ్వరరావుగారే చెప్పారండి" అన్నాడట. అక్కడున్నవాళ్ళంతా గొణుక్కుంటే మీ బావగారు మాత్రం, "మా బావమరిది పదో తరగతిలో సైకిలు తొక్కిన దారండీ ఇది. ప్రతి మలుపూ గుర్తు పెట్టుకున్నాడు చూశారా" అని సంబరపడ్డారట. నాకు తెలిస్తే నిన్ను తిడతానని, మాస్టారి దగ్గరా మిగతావాళ్ళ దగ్గరా మాట తీసుకున్నారట. నీ అబద్ధం చదివి వినిపించినప్పుడు నవ్వింది అందుకు. నా మొదటి ఉత్తరంలో దారి చూపించినవాణ్ణి శపించిన మాట కూడా ఆయనకి చదివి వినిపించాను, అప్పుడు మాత్రం నవ్వలేదు. "ఆ మాట కొట్టెయ్యవే" అన్నారు. నేను కొట్టెయ్యలేదు. ఇప్పుడు కొట్టేస్తున్నాను.

నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టనందుకు ఊళ్ళో రైతులు నీకు నమస్కారాలు చెప్పమన్నారు.

హెన్రీ కిందటి ఆదివారం చర్చి నుంచి తిన్నగా ఇక్కడికి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. మజ్జిగ ఇచ్చాను. నీళ్ళ కోసం ఇక ఆగడం లేదు, మన ఇంటి ముందు బండి ఆపడానికి కాళ్ళు రావడం లేదట. ఆ రోజు తొక్కిపోయిన ధాన్యాన్ని ఎవరూ ఎత్తుకోలేదు. పిట్టలు తిన్నాయి. ఈ ఏడు ఆవకాయ పెట్టలేదు.

లారీలు తగ్గలేదు. కానీ ఒక సంగతి ఉంది. నువ్వు బోర్డులు పీకేశాక డ్రైవర్లందరూ మన గేటు దగ్గరికి రాగానే హారన్ కొడుతున్నారట. ఎవరూ చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే. ఊళ్ళో ఇంకెక్కడా కొట్టరట, ఇక్కడొక్కచోటే. భాగ్యశ్రీ పిల్ల మళ్ళీ ఉలిక్కిపడి లేస్తోంది. పోనీ వద్దని చెప్పిద్దామా అని నేనే అడిగాను. భాగ్యశ్రీ పలక మీద, 'కొట్టనివ్వండి పిన్నిగారూ' అని రాసింది.

ఇప్పుడు దాటవలసినవాళ్ళు ఎవరూ లేరు. ఎద్దుల్ని, గేదెని పంపించేశాను. అయినా పొద్దున్నే నేను వెళ్ళి ఆయన నిలబడినచోట గేటు పట్టుకుని నిలబడుతున్నాను. వినపడదు. హారన్ మోగినప్పుడు ఇనుప చువ్వ సన్నగా వణికి అరచేతికి తెలుస్తుంది. చిన్నదీ పెద్దదీ, ఇటునుంచి వచ్చేదీ అటునుంచి వచ్చేదీ తేడా తెలుసుకోవడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ఇది రెండు నెలల ముందు తెలిసి ఉంటే బాగుండేది.

అమ్మాజీని పంపించు. నువ్వూ రా. వస్తే నేను మాట్లాడతానో లేదో చెప్పలేను. నువ్వు వచ్చి అరుగు మీద కూర్చో, చాలు. బస్సు దిగి ఊళ్ళోకి నడిచి రా, లారీలో మాత్రం రావద్దు.

ఈ ఉత్తరం ఎవరిచేతా పంపించడం లేదు. ఎవరినీ ఆపలేదు. గణపవరం వెళ్ళి పోస్టు డబ్బాలో వేస్తున్నాను. నాలుగు రోజులు ఆలస్యంగా అందినా ఫర్వాలేదు.

అక్క
శేషారత్నం